దడి కడితేనే మందు

మొన్న ఫోనులో మన చిన్నది ఒక సంగతి చెప్పింది. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రం దాకా దిగే పని లేదని, ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం మానేసిందట. "దారిలో ఎక్కడికి వెళ్ళను అమ్మమ్మా? ఆ గదుల్లో అడుగు పెట్టలేం" అంది. ఊరు చేరాక ఒంటేలుకి వెళ్తే మంట, ఆ వెనకే జ్వరం. మందు బిళ్ళలు వేసుకుంటున్నానని, తగ్గిపోయిందని, నువ్వు కంగారు పడకని నాకే ధైర్యం చెప్పి పెట్టేసింది.

నేను కంగారు పడలేదర్రా. ఫోను పెట్టేశాక నాకు ఒక గొంతు వినిపించింది. "ఏమ్మాయ్, పొద్దున్నించీ నీళ్ళు తాగేవా? నా మొహం చూసి చెప్పు." ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. విన్నప్పుడల్లా నా నడుం దానంతట అదే నిటారుగా అవుతుంది.

ఆవిడ గురించి మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మీరు తలో ఊళ్ళో ఉన్నారు. అందర్నీ చుట్టూ కూచోబెట్టి చెప్పే వీలు లేదు గనక రాస్తున్నాను. నెమ్మదిగా చదువుకోండి.

ఆవిడ ఏలూరులో లేడీ డాక్టరు. పేరు ఉంది, మంచి పేరు, కానీ మేమెవ్వరం ఆ పేరు పెట్టి పిలవలేదు. మాకు డాక్టరమ్మగారే. వాళ్ళ నాన్నగారు మిషను బళ్ళో పంతులు. కూతుర్ని మద్రాసు పంపి చదివించారు. అవి ముప్పైల్లో రోజులు. ఆడపిల్ల మద్రాసు వెళ్ళి చదువుకుని వచ్చిందంటే చూడ్డానికి జనం వచ్చేవారట. ఆవిడ మాత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళని కూడా వదిలేది కాదు. నాలిక చాపమనేది, కళ్ళు కిందికి లాగి చూసేది, పంపేసేది.

మనిషి పొడగరి. సన్నంచు తెల్లచీర, మోచేతుల దాకా రవిక, కాళ్ళకి మగవాళ్ళ బూట్లలాంటి నల్లబూట్లు. కొల్లేరు బురదలో ఆ బూట్లు కూరుకుపోతే ఒకటి చేత్తో పట్టుకుని, ఒక కాలితో కుంటుతూ గట్టెక్కేది గాని ఎవర్నీ చెయ్యి ఇవ్వనిచ్చేది కాదు. గొడుగు ఉండేది, ఎండలో వేసుకోదు, దాంతో దారి చూపిస్తుంది, కుక్కల్ని తోలుతుంది, మాట వినని మగవాళ్ళ వైపు చూపిస్తుంది. మాట మెత్తగానే ఉండేది. గొడుగే కొంచెం గట్టిగా మాట్లాడేది.

ఆవిడ దగ్గర చిన్న స్పిరిటు దీపం, గాజు గొట్టాలు ఉండేవి. ఏ జ్వరంతో వెళ్ళినా ముందు ఒక సీసా ఇచ్చి "ఒంటేలుకి వెళ్ళి ఇందులో పట్టుకురా" అనేది. ఆ మాట వినగానే సగం మంది ఆడవాళ్ళు లేచి ఇంటికి వెళ్ళిపోయేవారు. "సిగ్గు బయట చెప్పుల దగ్గర విడిచి రండమ్మా, వెళ్ళేటప్పుడు తొడుక్కుందురుగాని" అనేది. తెచ్చింది గొట్టంలో పోసి, కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది. తర్వాత దీపం మీద కాచేది. కాచేటప్పుడు గొంతులోనే ఏదో కీర్తన కూనిరాగం తీసేది. ఆ రాగం మొదటినుంచి చివరిదాకా సాగితే మన ఒంట్లో ఏమీ లేదని అర్థం. మధ్యలో ఆగిందంటే గొట్టంలో మబ్బు కట్టిందన్నమాట. ఆవిడ నోటితో చెప్పేలోపలే మాకు తెలిసిపోయేది. అందుకే ఆ గదిలో ఎవరూ దగ్గేవారు కూడా కాదు.

ఇక నా సంగతి.

మా పుట్టిల్లు పెదపాడు దగ్గర. నన్నిచ్చింది కొల్లేటి లంకలో. చుట్టూ నీళ్ళు, మధ్యలో మిట్ట, మిట్ట మీద ఇరుకిరుగ్గా ఇళ్ళు. ఎటు చూసినా నీళ్ళే గాని, ఆడది చాటుకి వెళ్ళడానికి జానెడు చోటు లేదు. తెల్లారకముందు గట్టు మీదికి వెళ్ళాలి, మళ్ళీ చీకటి పడ్డాకే. పొద్దుపొడిచాక ఆ గట్టు మీద అంతా పడవలవాళ్ళు, వలలవాళ్ళు. కాబట్టి పగలల్లా ఎవరూ నీళ్ళు తాగేవారు కాదు. అది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. కోడలు వచ్చిన వారం లోపలే కనిపెట్టేసేది, అత్తలు, వదినలు మధ్యాన్నం అన్నంలోకి చారు కూడా పోసుకోవడం లేదని. నేనూ కనిపెట్టాను. నాలిక పిడచ కట్టుకుపోతే బెల్లం ముక్క నోట్లో వేసుకుని పని చేసుకునేదాన్ని.

నా మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. చలి, ఒణుకు, ఒళ్ళు కాలిపోవడం, ఆ తర్వాత పోయింది. కొల్లేరులో చలిజ్వరం అంటే అందరికీ తెలిసిన జ్వరమే, దోమల జ్వరం. ఇంటికొకరు మూలుగుతూ ఉండేవారు. వణికితే క్వినైను, అదే వైద్యం. ఎవరూ ఇంకో మాట అనుకోలేదు. "కొల్లేటి నీళ్ళు పడలేదు పిల్లకి" అని మా అత్తగారు అందరికీ చెప్పి ఊరుకున్నారు.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెల దాటాక మళ్ళీ అదే చలి. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడేది. కుడివైపు డొక్కలో, వెనగ్గా, ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టుండేది. ఒంటేలుకి కూచుంటే ప్రాణం పోయేది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పే మాట కాదని అందరికీ తెలుసు. ఊళ్ళోకి వచ్చే కాంపౌండరు గుమ్మంలోంచే చూసి, క్వినైను బిళ్ళలు ఇచ్చి వెళ్ళాడు. వాడితే చేదుకి చెవులు గింగుర్లెత్తాయి గాని చలి తగ్గలేదు.

మీ తాతయ్య అప్పటికి పాతికేళ్ళు నిండని కుర్రాడు. తల్లికి ఎదురు చెప్పి ఎరుగడు. ఆ పొద్దున మాత్రం ఎవరితోనూ చెప్పకుండా చిన్న పడవ, దోనె కట్టించుకుని ఏలూరు వెళ్ళి, మధ్యాన్నానికి డాక్టరమ్మగారిని తీసుకొచ్చేశారు. గట్టు మీద ఆ నల్లబూట్ల చప్పుడు విని మా అత్తగారు వంటింట్లోంచి బయటికి వచ్చి, కొడుకుని చూసి, ఆవిణ్ణి చూసి, "ఏంట్రా అబ్బాయ్, జ్వరానికి పట్నంనించి దొరసాన్ని తెచ్చేవా?" అన్నారు.

"దొరసాన్ని కాదండి, పంతులుగారి అమ్మాయినండి. లోపలికి రావచ్చాండీ?" అంది ఆవిడ, గుమ్మం ముందే ఆగి.

ఆ రోజుల్లో ఆ ప్రశ్నకి బరువుండేది. ఆవిడ కిరస్తానీ. మా అత్తగారు ఒక్క క్షణం తటపటాయించి, "రండి, పిల్ల పడమటింట్లో ఉంది" అన్నారు. మర్యాద తప్పకూడదని వసారాలోకి దాహం పంపారు, ఇంటి చెంబుతో కాదు, ఆకు దొన్నెలో. ఆవిడ దొన్నె వైపు చూసి, చేతులు జోడించి, "వద్దండి" అంది. ఎండలో పడవ మీద వచ్చిన మనిషి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, చుక్క కూడా ముట్టలేదు. మా అత్తగారికి కోపం వచ్చింది. "దొన్నెలో ఇచ్చేమని పౌరుషం కాబోలు. చదువుకున్నవాళ్ళకి ఆమాత్రం ఉంటుందిలే" అని వంటింట్లో నాకు వినపడేలాగే సణుక్కున్నారు.

ఆవిడ నా మంచం మీద కూచుని, చెయ్యి వెనక్కి పోనిచ్చి, డొక్కలో ఒక్కచోట వేలితో తట్టింది. నేను కెవ్వుమన్నాను.

"వణుకు ముందొచ్చిందా, మంట ముందొచ్చిందా?"

నేను దుప్పటి మొహమ్మీదికి లాక్కున్నాను.

"అమ్మాయ్, దోమకి మంట తెలీదు. మంట ఉంటే చెప్పు, నీకు జ్వరం ఎక్కణ్ణించి వస్తోందో నేను చెప్తాను."

"ఉందండి" అన్నాను, దుప్పటి నోట్లో కుక్కుకుని.

సీసా ఇచ్చింది. దీపం వెలిగింది. కీర్తన మొదలైంది. గుమ్మం పక్కన మీ తాతయ్య, తలుపు చాటున మా అత్తగారు. కీర్తన రెండో చరణం ఎత్తుకోకుండానే ఆగిపోయింది. గొట్టంలో పాలు విరిగినట్టు తెల్లటి తెరలు. ఏదో పుల్లటి మందు చుక్క వేసి మళ్ళీ చూసింది. తెర కరగలేదు.

ఆవిడ గొట్టం పట్టుకుని మా అత్తగారి దగ్గరికే వెళ్ళింది. "చూడండమ్మగారూ. ఇది దోమ జ్వరం కాదు. నీరు పోసే దారిలో పుట్టి, పైకెక్కి, మూత్రపిండంలో కూచుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి లోపల బిడ్డ బరువు నీరు దిగే గొట్టాల మీద పడుతుంది, నీరు నిలవుండిపోతుంది. నిలవున్న నీట్లో పురుగు పడదాండీ? పోయినసారి పోయిన బిడ్డ కూడా ఇందుకే పోయి ఉండొచ్చు. నేను అప్పుడు చూడలేదు గనక గట్టిగా చెప్పలేను. ఈసారి బిడ్డకి మాత్రం ఇదే ప్రమాదం."

మా అత్తగారు గొట్టం వంక చూడలేదు. "దానికి మందివ్వండి మరి" అన్నారు.

"ఇస్తానండి. మందు పని చెయ్యాలంటే పిల్ల బిందెడు నీళ్ళు తాగాలి. తాగితే పగలు పదిసార్లు లేవాలి. లేస్తే ఎక్కడికి వెళ్తుందండి?"

మీ తాతయ్య నేలవంక చూస్తున్నారు.

"ఇంటి వెనకాల, గడ్డివాము పక్కన నాలుగు తాటాకులతో దడి కట్టించండి. లోపల ఇసక పోయించండి. పక్కన నీళ్ళ కుండ, బూడిద. అంతే."

"బావుంది! వంటింటికి ఎదురుగానా?" మా అత్తగారి గొంతు లేచింది. "మా ఇంటి కోడలు పట్టపగలు దడి చాటుకి పోతోందని ఊరందరికీ తెలియాలా?"

"తెలియనివ్వండమ్మగారూ. ఆడవాళ్ళకీ ఒళ్ళుంటుందని తెలుస్తుంది."

"మేము బతకలేదాండీ ఇన్నాళ్ళూ? మా అత్త బతకలేదా?"

"మీకు మంట ఎప్పుడూ రాలేదాండీ?" అంది డాక్టరమ్మగారు, చాలా నెమ్మదిగా.

మా అత్తగారు కొంగు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయారు.

అప్పుడు ఆవిడ గొడుగు తీసుకుని మీ తాతయ్య వైపు చూపించింది. "అమ్మాయిని నాతో ఏలూరు తీసుకుపోతున్నాను. తగ్గేదాకా నా దగ్గరుంటుంది. తగ్గాక దడి కట్టేమని కబురు చెయ్యండి, పంపిస్తాను. దడి లేకపోతే పంపను."

దోనె కదులుతుంటే గట్టు మీద మా అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "చూసేరా అమ్మా ఈ చోద్యం! నా కోడల్ని తాకట్టు పెట్టుకుని పోతోంది! దేనికంటే తాటాకులకి!"

ఏలూరులో ఆవిడ ఇల్లే ఆస్పత్రి. కాలవకి దగ్గర్లో పెంకుటిల్లు, ముందు వసారాలో రోగులు, వెనక వసారాలో నాలాంటివాళ్ళకి మంచాలు. నన్ను ఎడమపక్కకే తిరిగి పడుకోమనేది, కుడివైపు బరువు పడకూడదని. చిల్లగింజ అరగదీసి తేర్చిన నీళ్ళు కాచి చల్లార్చి ఇచ్చేవారు. బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, ఉప్పగా పుల్లగా ఉండే మిక్స్చరు. నేను తాగనని మొరాయిస్తే ఇంకో గ్లాసు తెచ్చుకుని నా ఎదురుగా కూచుని, "నీతో పాటు నేను" అని గడగడా తాగేసేది. ఇంట్లో ఉంటే అంత ఇదిగా నీళ్ళు తాగే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రోజూ పొద్దున్న ఎర్ర కాగితం ముక్క ఒకటి ముంచి చూసేది. అది నీలంగా మారేదాకా మిక్స్చరు మానకూడదని.

ఆ వసారాలో పడుకునే నేను మనుషుల్ని చూశాను. అందరికీ ఒకటే జబ్బు, ఎవరికీ ఒకేలా లేదు.

తాడేపల్లిగూడెం నించి రైల్లో ఒక పెద్దాయన్ని తెచ్చారు. పౌరోహిత్యం చేసే కుటుంబం. నీరుకట్టి పొట్ట కుండలా ఉబ్బిపోయింది, పలవరిస్తున్నాడు. ఆడ డాక్టరని తెలిసి అంత బాధలోనూ, "ఛీ, ఛీ, వద్దు, నన్ను గూడెం తీసుకుపోండిరా" అని గోల. ఆవిడ రబ్బరు గొట్టం నీళ్ళలో మరిగిస్తూ, "తాతగారూ, మీరు కళ్ళు మూసుకుని మంత్రం చదువుకోండి. నేను కళ్ళు తెరుచుకుని నా పని చేసుకుంటాను. మీ మంత్రం పూర్తయ్యేలోపల నా పనీ అయిపోతుంది" అంది. అయిపోయింది కూడా. గొట్టంలోంచి బిందెలోకి ధార పడుతుంటే ఆయన చదువుతున్న మంత్రం ఆపేసి, "అమ్మయ్య... తల్లీ!" అని ఏడ్చేశాడు. మంచం చుట్టూ ఉన్న కొడుకులు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ముసలితనంలో మగవాళ్ళకి దారికి అడ్డంగా గ్రంథి పెరుగుతుందట. నీరు పూర్తిగా ఖాళీ కాక మిగిలిపోయి అందులో పురుగు చేరుతుందట. పలవరింత కూడా దానివల్లే అని, పిచ్చి కాదని వాళ్ళకి నచ్చజెప్పింది.

ఇంకోరోజు కొత్త పెళ్ళికూతురు. కాళ్ళ పారాణి ఇంకా వదల్లేదు. మంట. అత్తగారు వెంట వచ్చి వసారాలో అందరికీ వినపడేలా, "మా ఇంటికొచ్చేకే వచ్చిందో, రాకముందే ఉందో కనుక్కోండి" అంటోంది. పిల్ల తల ఎత్తడంలేదు. డాక్టరమ్మగారు గొట్టం కూడా పక్కన పెట్టి, అత్తగారి ఎదురుగా నిలబడింది. "ఏవండీ, ఇది కొత్తగా పెళ్ళయిన పిల్లలకి చాలామందికి వచ్చేదే. గుణానికీ దీనికీ ఏమీ సంబంధం లేదు. పిల్లని తెల్లారగట్ల లేపి నీళ్ళు ఇవ్వండి, రాత్రి పడుకునే ముందూ లేచేకా ఒంటేలుకి వెళ్ళనివ్వండి, అడ్డుచెప్పకండి. మీరు ఈ మాట ఇంకోసారి అంటే, నేను మీ ఇంటికొచ్చి మీ వీధిలో నిలబడి ఇదే గట్టిగా చెప్తాను." ఆ పిల్ల అప్పుడు తల ఎత్తింది. ఆ మొహం నాకిప్పటికీ గుర్తు.

చంటిదాన్ని ఎత్తుకుని ఒక అమ్మ వచ్చింది. పిల్ల నోరు తెరిచి చెప్పలేదు, జ్వరం, పాలు కక్కడం, అంతే. దిష్టి అని తీశారు, పళ్ళు వస్తున్నాయని చూశారు. డాక్టరమ్మగారు పిల్ల గుడ్డ తడిసినప్పుడు వాసన చూసి, పిల్ల ఎప్పుడేడుస్తోందో అడిగింది. తడిపేముందు ఏడుస్తుందని తల్లి చెప్పింది. "అదిగో, అదే చెప్తోంది పాపం, మీరే వినలేదు" అంది. ఆడపిల్లని కడిగేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడగాలి గాని వెనకనుంచి ముందుకి కాదని ఒక బొమ్మ తీసుకుని చేసి చూపించింది. అప్పట్నించీ ఆ వసారాకి వచ్చిన ప్రతి తల్లికీ ఆ బొమ్మ దర్శనం తప్పేది కాదు.

"ఇది పగటివేషాలవాడి లాంటిది అమ్మాయ్" అనేది నాతో, చేతులు సబ్బుతో కడుక్కుంటూ. "ముసలాయన దగ్గరికి పిచ్చివాడి వేషంలో వస్తుంది. చంటిదాని దగ్గరికి దిష్టి వేషంలో. తియ్యమూత్రం, అదే చక్కెర జబ్బు, ఉన్నవాళ్ళ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చి చుట్టంలా కూచుంటుంది. మీ లంకలోకి దోమ వేషంలో వచ్చింది. వేషం చూసి మోసపోకూడదు, కాళ్ళు చూడాలి. కాళ్ళకి వేషం ఉండదు."

ఒకరోజు కాగితం నీలమైంది. ఇంకొన్నాళ్ళకి దీపం మీద గొట్టం కాగుతుంటే కీర్తన మొదటినుంచి చివరిదాకా సాగింది. చివరి చరణం అయ్యాక కూడా ఆవిడ ఆపలేదు, మళ్ళీ మొదలుపెట్టింది. నేను మంచం మీద లేచి కూచున్నాను. కడుపులో బిడ్డ తన్నుతోంది.

కానీ లంకనించి కబురు లేదు.

వారం గడిచాక మీ తాతయ్య వచ్చారు. చేతుల నిండా తాటాకు గీరలు, ఎర్రగా. గుమ్మంలో నిలబడి, "కట్టేనండి" అన్నారు. అంతే అన్నారు. తర్వాత తెలిసింది. కూలివాళ్ళెవరూ ఆ పనికి రాలేదట, నవ్వుతారని. తనే తాటి చెట్టెక్కే మనిషిని బతిమాలి ఆకులు కొట్టించి, తనే పాతి, తనే అల్లారట. గట్టు మీద కూచున్నవాళ్ళు, "ఏవయ్యా, పెళ్ళానికి కోట కడుతున్నావా?" అని వేళాకోళం. మా అత్తగారు దడి కట్టిన మూడు రోజులూ కొడుకుతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టారట, ఎదురుగా కూచోకుండా.

డాక్టరమ్మగారు మీ తాతయ్య చేతులు పట్టుకుని ఆ గీరలకి టింక్చరు రాసింది. రాస్తూ, "మా మద్రాసు మందులన్నిట్లోకీ ఈ దడే ఖరీదైన మందు" అంది. మీ తాతయ్య నవ్వి చెయ్యి లాక్కున్నారు, మంటకి.

ఇంటికి వచ్చేక నేను పగటిపూట నీళ్ళు తాగడం మొదలుపెట్టాను. మొదట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడ మీంచి చూసి మూతులు తిప్పేవారు. తర్వాత మా తోడికోడలు ఒకపూట గబగబా వచ్చి, ఏమీ మాట్లాడకుండా దడి చాటుకి వెళ్ళి వచ్చింది. ఆ వెనక పక్కింటి వదిన. మా అత్తగారు మాత్రం ఆ వైపు చూసేవారు కాదు. ఆ దడి ఉన్నట్టే ఆవిడకి తెలియనట్టు నడిచేవారు.

నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యాయని ఏలూరు కబురు వెళ్ళింది. ఎండ బాగా ఎక్కాక దోనె వచ్చింది. నేను పడమటింట్లో మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరుగుతున్నాను, కిటికీలోంచి గట్టు కనిపిస్తూనే ఉంది. డాక్టరమ్మగారు దిగింది. మా అత్తగారు ఎదురెళ్ళి, "రండి, రండి, పిల్ల లోపల..." అంటున్నారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఒక్క నిమిషమండి. దడి ఎటండీ?"

మా అత్తగారికి అర్థం కాలేదు. అప్రయత్నంగా చెయ్యి చూపించారు. ఆవిడ సంచీ, గొడుగు గట్టు మీదే పడేసి, బూట్ల చప్పుడు చేసుకుంటూ గబగబా వెళ్ళింది. నా ప్రాణం పోతున్నా నాకు నవ్వొచ్చింది.

తిరిగి వచ్చి చేతులు కడుక్కుంటూ, "అమ్మయ్య. ఇప్పుడు దాహం ఇవ్వండమ్మగారూ. తాగుతాను" అంది.

మా అత్తగారు కదల్లేదు. "అయితే... ఆరోజు మా ఇంట్లో దాహం వద్దన్నది..."

"మరేనండి. ఏలూరులో గడప దాటితే, మళ్ళీ ఏలూరులో గడప తొక్కేదాకా గుటక మింగనండి. ఈ కొల్లేట్లో నేను తిరగని లంక లేదు. ఏ లంకలోనూ నాకు చోటు లేదు. తాగి ఎటెళ్ళనండి?"

"మీకూ వస్తుందా? ఆ మంట?"

"రాకేమండి. నా మిక్స్చరు నేనే కలుపుకుని తాగుతాను. లేకపోతే మీ కోడలు నోరు తెరవకపోయినా నాకెలా తెలుస్తుందనుకున్నారు?"

కిటికీలోంచి చూస్తున్నాను. మా అత్తగారు లోపలికి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో దొన్నె లేదు. తను తాగే ఇత్తడి చెంబు, కాపరానికి వచ్చినప్పుడు పుట్టింటినించి తెచ్చుకున్నది, ఎవర్నీ ముట్టనివ్వనిది. రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చారు. డాక్టరమ్మగారు చెంబు వంకా, ఆవిడ వంకా చూసి, నిలబడే ఎత్తి, ఆపకుండా తాగింది. గొంతులో గుటకలు నాకు లోపలికి వినిపించాయి.

"ఇంకో చెంబు ఇవ్వనాండీ?" అన్నారు మా అత్తగారు.

"ఇవ్వండి" అంది.

దీపాలు పెట్టే వేళకి మా పెద్దమ్మాయి పుట్టింది. మీలో కొందరికి అమ్మ, కొందరికి పెద్దమ్మ, కొందరికి అత్తయ్య. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి గట్టుమీదివాళ్ళు కూడా లేచి నిలబడ్డారట. డాక్టరమ్మగారు బిడ్డని తుడుస్తూ ఆ కీర్తనే పాడింది, ఈసారి గొంతు విప్పి.

బాలింతకి నీళ్ళు ఇవ్వకూడదని మా వైపు ఆచారం. వాతం చేస్తుందంటారు. నాకు గొంతు ఎండిపోతోంది, అడిగే ధైర్యం లేదు. డాక్టరమ్మగారు నోరు విప్పబోయింది. అంతలో మా అత్తగారే కాచి చల్లార్చిన నీళ్ళ గ్లాసు తెచ్చి నా నోటికి పెట్టారు. "తాగు. తాగకపోతే ఈవిడ మళ్ళీ గొట్టం పట్టుకుని దిగుతుంది. ఈసారి నన్ను కూడా తాకట్టు పెట్టుకుపోతుంది" అన్నారు. డాక్టరమ్మగారు అంత గట్టిగా నవ్వడం నేను అదే చూడ్డం.

ఆ తర్వాత లంకలో దడులు లేచాయి. ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ చెప్పి కట్టలేదు, డాక్టరమ్మగారు మందివ్వదని భయపడి కొందరు, పక్కింట్లో ఉంది మనింట్లో లేదని పౌరుషానికి కొందరు. ముదినేపల్లి వైపు ఊళ్ళలో కూడా కట్టారని విన్నాం. ఆవిడ దోనె ఏ లంకకి వచ్చినా ముందు దడి వైపు చూసేది. ఉంటే దిగి, దాహం పుచ్చుకునేది. లేకపోతే దాహం వద్దనేది. అంతే, ఒక్క మాట అనేది కాదు. ఆవిడ తమ ఇంట్లో చుక్క ముట్టలేదంటే ఆ ఇంటివాళ్ళకి అన్నం సయించేది కాదు.

నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు, ఆవిడకి బంధువుని కాను. అయినా ఏలూరు వెళ్ళినప్పుడల్లా, కాలవ దగ్గర ఆ ఇల్లు కనిపించగానే నాతో ఉన్నవాళ్ళకి చెప్పకుండా ఉండలేను. "మా డాక్టరమ్మగారి ఇల్లు" అంటాను. మా పుట్టిల్లు చూపించినప్పుడు కూడా అంత గొప్పగా చెప్పను.

చిన్నదానికి చెప్పండి, బస్సులో వెళ్ళేటప్పుడు నీళ్ళు తాగమని. ఆగే చోట శుభ్రంగా లేకపోతే ఆ బస్సువాళ్ళ దగ్గర నిలబడి అడగమనండి. సిగ్గు చెప్పుల దగ్గర విడిచి అడగమనండి.

డాక్టరమ్మగారు పోయినప్పుడు ఆ కబురు మా అత్తగారికి నేనే చెప్పాను. అప్పటికి ఆవిడకి చూపు సరిగా లేదు. విన్నారు. ఆ చెంబు తీసుకుని తోముకుంటూ కూచున్నారు చాలాసేపు. ఆ ఏడు వానలు పడబోయే ముందు మీ తాతయ్య పొలం పనుల్లో పడి దడికి కొత్త ఆకు వెయ్యడం మరిచిపోయారు. మా అత్తగారు తడుముకుంటూ వెనక్కి వెళ్ళి, చిరిగిన ఆకు చేత్తో పట్టి చూసి, అక్కడినుంచే కేకేశారు.

"ఒరేయ్ అబ్బాయ్, దడి ఇలా ఉంటే ఎలాగరా? డాక్టరమ్మగారొస్తే ఎటెళ్తారు?"